మెటడోర్ లేచిన వేసవి

విజయవాడ నుంచి బందరు దాకా ఆ రోడ్డు మీద చిన్నప్పటి నుంచీ తిరుగుతూనే ఉన్నాను. మొన్నామధ్య బస్సులో కిటికీ పక్కన కూర్చుని వెళ్తుంటే ఏదో లోటుగా అనిపించింది. కంకిపాడు దాటింది, ఉయ్యూరు దాటింది, పామర్రు కూడా వచ్చేసింది. అప్పుడు తట్టింది. దారి పొడుగునా ఆగిపోయిన బండి ఒక్కటి కూడా కనపడలేదు.

పాత 9వ నంబరు జాతీయ రహదారి ఇప్పుడు 65వ నంబరైంది, నాలుగు వరసలైంది. పక్కనున్న చెట్లు పోయాయి. ఆ చెట్ల కింద నిలబడి ఉండే బండ్లూ పోయాయి. ఒకప్పుడు మా వైపు ప్రతి ఊళ్లోనూ అలాంటిది ఒకటి ఉండేది. రైసుమిల్లు పెరట్లోనో, కాలవగట్టున నిద్రగన్నేరు కిందో, గడ్డివామి పక్కనో ఒక జీపు, ఒక టెంపో, లేదంటే టాపు ఊడిన బెడ్‌ఫోర్డ్ లారీ. టైర్లలో గాలి పోయి రిమ్ముల మీద కూర్చుని ఉండేది. ఇంజను పక్కన కోడి గుడ్లు పెట్టేది. తొట్టిలో ఎవరో పిడకలు దాచుకునేవారు. పిల్లలం స్టీరింగు పట్టుకుని నోటితో గేర్లు మారుస్తూ సాయంత్రం దాకా హైదరాబాదు వెళ్లొచ్చేవాళ్లం.

దాన్ని ఎవరూ తుక్కు అనేవారు కాదు. "ఫలానా వారి బండి ఆగింది" అనేవారు, అంతే. పంట చేతికొస్తే, పెళ్లి అప్పు తీరితే, మంచి మేస్త్రి దొరికితే మళ్లీ లేస్తుందని ఊళ్లో అందరికీ లెక్క. కొన్ని నిజంగానే లేచేవి. అలా లేచిన ఒక బండిని దగ్గరుండి చూశాను, ఆ పనిలో నా చేతులకీ నల్లనూనె అంటింది. ఆ బండి గురించీ, దాన్ని లేపిన వీధి గురించీ రాయాలని ఎన్నాళ్లుగానో ఉంది.

*

మా చిన్నమావయ్యది మెటడోర్ పికప్పు. పుణే పక్కన ఆకుర్డిలో బజాజ్ టెంపో కంపెనీ చేసిన బండి. ముందు క్యాబిను, వెనక తెరిచిన తొట్టి. మెటడోర్ గొప్ప ఏమిటంటే దాని ఇంజను ముందు చక్రాలనే తిప్పుతుంది. వెనక ఇరుసుకి షాఫ్టు పోనక్కర్లేదు కాబట్టి తొట్టి నేలకి బాగా దగ్గరగా ఉండేది. నలభై లీటర్ల పాలక్యాన్లు వరసగా ఎత్తిపెట్టేవాడి నడుముకి ఆ జానెడు తేడా విలువ తెలుస్తుంది. తర్వాత్తర్వాత వచ్చిన బండ్లలో డైమ్లర్ బెంజ్ లైసెన్సుతో మన దేశంలోనే తయారైన ఓఎం 616 డీజిల్ ఇంజను పెట్టారు. నాలుగు సిలిండర్లు, 2.4 లీటర్లు. మావయ్య బండిలో ఉన్నది అదే. "మనది బెంజి ఇంజనురా అబ్బాయ్" అని బానెట్టు మీద అరచేత్తో తట్టి చెప్పేవాడు.

ఏడాది పొడుగునా దానికి చేతినిండా పని. తెల్లవారకముందే ఊళ్లు తిరిగి క్యాన్లు ఎక్కించుకుని చిల్లింగ్ సెంటర్లో దించేది. ఆ పని అయ్యాక లంకల్లోంచి వచ్చిన అరటిగెలలూ, కూరగాయలూ వేసుకుని బెజవాడ కాళేశ్వరరావు మార్కెట్టుకి. ఎండలు ముదిరితే నూజివీడు తోటల నుంచి నున్న మార్కెట్టుకి మామిడికాయలు. పెళ్లిళ్ల రోజుల్లో షామియానా గుడ్డలు, గాడిపొయ్యి సామాను, గుండిగలు, వాటి మీద వంటవాళ్లు. 1992 కృష్ణా పుష్కరాలకి తొట్టిలో గడ్డి పరిచి, దానిమీద జంపఖానా వేసి, ఊళ్లో ముసలివాళ్లందరినీ కూర్చోబెట్టుకుని స్నానఘట్టాలకి తీసుకెళ్లాడు. సరుకుల బండిలో మనుషుల్ని ఎక్కించడం ఇప్పుడైతే పోలీసులు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. కానీ ఆ రోజు తిరిగొచ్చాక ఆ ముసలమ్మలు దిగుతూ దిగుతూ బండికి దణ్ణం పెట్టుకున్నారు.

ఆ తర్వాత డ్రైవరు గల్ఫ్ వెళ్లిపోయాడు. మావయ్యకి పక్షవాతం వచ్చి ఎడమచెయ్యి పడిపోయింది. ఫిట్‌నెస్ గడువు దాటింది. "చెయ్యి బాగుపడనీ, చూద్దాం" అంటూనే వానాకాలాలు గడిచాయి. వేపచెట్టు కింద పెట్టిన బండి మీద ఆకు రాలింది, ఆకు కింద రేకు తుప్పు పట్టింది. తూకానికి కొంటామని ఒకాయన వచ్చి అడిగాడు. మావయ్య ఏమీ మాట్లాడలేదు. అత్తయ్య మాత్రం లోపలి నుంచి వచ్చి, "ఇద్దరు పిల్లల చదువులు దాని మీదే అయినాయండీ. మా ఇంట్లో దాన్ని కేజీల్లెక్కన ఇవ్వం" అని చెప్పి పంపేసింది. బహుశా ఆ మాటతోనే మావయ్యకి కదలిక వచ్చింది. ఆ వేసవిలోనే బెజవాడలో మెకానిక్కులుండే ఆటోనగర్‌కి కబురు వెళ్లింది.

*

ఆటోనగర్‌లో మనుషులకి సొంత పేర్లు తక్కువ, పనులే పేర్లు. పంపు భాయ్, రేడియేటరు భాయ్, కమాన్‌కట్టల మేస్త్రి, లేతు బాబాయి. ఇంజను మేస్త్రి అయితే పెద్ద మేస్త్రి. ఆయన ఒక ఆదివారం ఉయ్యూరు బస్సు దిగి, మా ఊరికి సైకిలు మీద వచ్చాడు. అత్తయ్య ఇచ్చిన మజ్జిగ తాగి, బండి చుట్టూ తిరిగాడు. చాలాసేపు దేన్నీ ముట్టుకోలేదు. చాసీ కిందికి వంగి చూశాడు, రేకుని వేలి కణుపుతో కొట్టి విన్నాడు. అప్పుడు ఆయిలు పుల్ల బయటికి లాగి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నూనెని రుద్ది, వాసన చూశాడు. నూనె తెల్లబడి ఉంటే నీళ్లు కలిసినట్టు, అంటే హెడ్డుకో బ్లాకుకో పగులు ఉన్నట్టు. ఇది నల్లగానే ఉంది.

"నీళ్లు దిగలేదు బాబుగారూ. సగం ఖర్చు తగ్గినట్టే."

ఇంజను మాత్రం తిరగలేదు. రింగులు తుప్పుతో గోడలకి పట్టేశాయి. నాజిళ్లు విప్పి, ఒక్కో సిలిండర్లో డీజిలూ పల్చటి నూనే కలిపి పోసి, కన్నాలకి గుడ్డలు కుక్కి, "రేప్పొద్దున దాకా ఎవరూ చెయ్యి పెట్టమాకండి" అని చెప్పి పడుకున్నాడు. తెల్లారాక క్రాంకు పుల్లీ నట్టుకి పొడుగు పానా తగిలించి, ముందుకి కొంచెం, వెనక్కి కొంచెం, మళ్లీ ముందుకి కొంచెం నొక్కుతూ కూర్చున్నాడు. పక్కనున్న పాలేరు నేను లాగుతానంటే ఒప్పుకోలేదు. "బలం పెడితే రింగు విరుగుద్ది. అది తిరగాలనుకున్నప్పుడు మనం అక్కడ ఉండాలంతే." టిఫిన్ల వేళకి లోపల ఎక్కడో కిర్రుమంది. పానా చేతివెడల్పు కదిలింది. మావయ్య బాగున్న చేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

గాలి ఫిల్టర్లో ఎలుక గూడు పెట్టింది. వైర్లు కొరికేసింది. ట్యాంకులో మిగిలిన డీజిలు ముదిరి బంకగా మారింది. ఇవన్నీ చూసి మేస్త్రి ఒక కాయితం మీద రాసుకున్నాడు కానీ, మొహంలో మార్పు రాలేదు. ఆయన పట్టుబట్టింది ఒక్క విషయానికే: ఆటోనగర్‌కి లాక్కురావడానికి తాడు వద్దన్నాడు. బ్రేకు లేని బండిని తాడుతో లాగితే, ట్రాక్టరు ఆగినప్పుడు ఇది వెళ్లి దాన్ని గుద్దుతుంది. రెండు కొసలా కొక్కేలున్న ఇనప రాడ్డు కట్టించాడు. ట్రాక్టరు వెనక, మావయ్య పక్కన కూర్చుని నేను చేసిన ఆ ప్రయాణంలో ఇంజను చప్పుడు లేదు. టైర్ల కింద తారు, రాడ్డు కొక్కేల రాపిడి, బందరు కాలవ మీద బట్టలుతికే దెబ్బలు విడివిడిగా వినపడ్డాయి.

*

బెజవాడలో ఆటోనగర్ ఎందుకు పుట్టిందో మ్యాపు చూస్తే తెలుస్తుంది. మద్రాసు నుంచి కలకత్తా వెళ్లే దారీ, హైదరాబాదు నుంచి బందరు వెళ్లే దారీ ఇక్కడే కలుస్తాయి. కృష్ణ దాటాలంటే లారీలకి 1957లో కట్టిన ప్రకాశం బ్యారేజీయే దిక్కు. కనకదుర్గ వారధి వచ్చేదాకా అంతే. బ్యారేజీకి అటో ఇటో ఆగే లారీల కోసం రోడ్ల పక్కన షెడ్లు వెలిశాయి. 1960ల్లో ఆ మెకానిక్కులూ, కమ్మరులూ, బాడీ కట్టేవాళ్లూ ఊరి అంచున ఒకచోట చేరి జవహర్ ఆటోనగర్ అయ్యారు. ఆసియాలోనే ఇంత పెద్దది లేదని అక్కడివాళ్లు గర్వంగా చెప్పుకునేవారు. 2014లో 'ఆటోనగర్ సూర్య' సినిమా వచ్చాక దూరప్రాంతాల వాళ్లకీ ఆ పేరు తెలిసింది. సినిమాలో కొట్లాటలు చూపించారు. నేను చూసిన ఆటోనగర్‌లో వినపడేది సుత్తుల చప్పుడు. ఒక్కో సందుకి ఒక్కో శబ్దం. కళ్లు మూసుకుని నడిచినా ఎక్కడున్నామో తెలిసేది.

పెద్ద మేస్త్రి షెడ్డు అంటే నాలుగు స్తంభాలు, పైన రేకులు, మధ్యలో దూలానికి వేలాడే చైన్ పుల్లీ. ఇంజను దించిన రోజు ఆయన కుర్రాళ్లు ప్రతి నట్టునీ అది ఊడిన కన్నంలోనే తిరిగి రెండు మరలు బిగించి పెట్టారు. పోదు, మారదు. విప్పిన వాల్వుల్ని అట్టకి కన్నాలు పొడిచి వరసగా గుచ్చారు. ఏ సిలిండరు వాల్వు ఆ సిలిండరుకే వెళ్లాలి. డీజిలు ట్రేలో బ్రష్షుతో కడిగిన భాగాలు గోనెపట్టా మీద ఆరబెడితే, బండి మొత్తం నేలమీద పరుచుకున్నట్టుండేది.

అక్కడి నుంచి ఒక్కో భాగం ఒక్కో సందుకి వెళ్లింది. నాకు ఇప్పటికీ ఆశ్చర్యం కలిగించే సంగతి ఇదే. మెటడోర్‌ని మొత్తంగా తెలిసిన మనిషి ఆ వీధిలో ఎవరూ లేరు. పెద్ద మేస్త్రికి కూడా పంపు లోపలి సంగతి తెలియదు. తెలిసినట్టు మాట్లాడేవాడూ కాదు. ఒక్కొక్కరికి ఒక్కటే తెలుసు, అది అడుగంటా తెలుసు.

బ్లాకు బోరింగు షాపుకి వెళ్లింది. పాత లైనర్లు తీసి కొత్తవి దింపి, బోరు చేసి, చివర్లో హోనింగ్ రాళ్లు తిప్పి లోపలి గోడల మీద వాలుగా ఒకదాన్నొకటి కోసుకునే సన్నగీతలు పెట్టారు. అద్దంలా నున్నగా ఉంటే మంచిది కదా అని అడిగాను. "నున్నగా ఉంటే నూనె జారిపోద్దయ్యా. గీతల్లోనే నూనె నిలబడాలి" అన్నాడాయన. క్రాంకు షాఫ్టు లేతు బాబాయి చేతికి వెళ్లింది. మైక్రోమీటరుతో కొలిచి "ఇరవై సైజుకి పోతుంది" అన్నాడు. అంటే అంగుళంలో వెయ్యో వంతులు ఇరవై అరగదీసి, దానికి తగినంత మందం ఎక్కువున్న బేరింగులు వెయ్యాలి. అలా పది, ఇరవై, ముప్పై అంటూ ఒకే క్రాంకు మళ్లీ మళ్లీ బతికేది. ఆ బాబాయి ఇంకో పని కూడా చేసేవాడు. మైక్రోమీటరు పెట్టకముందు బొటనవేలి గోరుని జర్నలు మీద అడ్డంగా నడిపి ఒక అంకె చెప్పేవాడు. కొలిచాక అదే అంకె వచ్చేది.

వాల్వులు నా వంతుకొచ్చాయి. పుల్లకి రబ్బరు మూకుడు, దానికి వాల్వు తల అతుక్కుంటుంది. అంచుకి గ్రైండింగు పేస్టు రాసి, సీటు మీద పెట్టి, కవ్వం చిలికినట్టు రెండు అరచేతుల మధ్య పుల్లని తిప్పాలి. మధ్యమధ్య ఎత్తి, కొంచెం పక్కకి జరిపి, మళ్లీ తిప్పాలి. మొదట బరబరమనే చప్పుడు పోను పోను మెత్తబడి స్‌స్‌స్ అంటుంది. మేస్త్రి అవతల ఇంకో పని చేసుకుంటూనే ఆ చప్పుడు విని, "చాలు, తుడువు" అనేవాడు. తుడిచి చూస్తే అంచు చుట్టూ తెగని బూడిదరంగు ఉంగరం. తర్వాత హెడ్డు తిరగేసి పోర్టుల్లో కిరసనాయిలు పోసి వదిలేస్తారు. వాల్వు పక్క నుంచి తడి ఊరకపోతే పనైనట్టు. ఊరితే మళ్లీ తిప్పాలి. నా అరచేతులు బొబ్బలెక్కాయి. వాటిని ఇంటికెళ్లి అత్తయ్యకి చూపించుకున్నాను, మెడల్ చూపించుకున్నంత సంతోషంగా.

పంపు భాయ్ షాపు మిగతా వీధికి పూర్తిగా వేరు. గచ్చు కడిగి ఉండేది, చెప్పులు బయట విడవాలి. మైకో పంపు లోపలి ప్లంజర్లకి దుమ్ము రేణువు కూడా శత్రువే. టెస్ట్ బెంచి మీద పంపు బిగించి తిప్పితే, వరసగా నిలబెట్టిన గాజు గొట్టాల్లోకి డీజిలు పడుతుంది. నాలుగు గొట్టాల్లోనూ ఒకే మట్టం రావాలి. ఒకటి తక్కువైతే విప్పి మళ్లీ. నాజిలు పరీక్ష ఇంకా అందంగా ఉండేది. చేతి లివరు నొక్కితే నాజిలు కొసన తెల్లటి పొగమంచు చిమ్మేది. పాడైనదైతే చుక్కలు కార్చేది. మంచిది చిమ్మేటప్పుడు గుర్రుమని శబ్దం చేస్తుంది. భాయ్ కళ్లు మూసుకుని ఆ శబ్దమే వినేవాడు. నేను వేలు పెట్టబోతే మణికట్టు పట్టుకుని పక్కకి లాగి, ఆ జల్లు చర్మంలోకి దూరితే చెయ్యి తీసెయ్యాల్సొస్తుందని నెమ్మదిగా చెప్పాడు. ఆయన గొంతు పెంచడం నేనెన్నడూ వినలేదు.

రేడియేటరు భాయ్ దగ్గర నీళ్లతొట్టి. మూతులు రబ్బరుతో బిగించి, గాలి కొట్టి, నీళ్లలో ముంచితే బుడగలు వచ్చినచోట టంకం. కమాన్‌కట్టల సందులో దాగలి మీద పట్టీలు కొట్టి వంపు తెచ్చేవాళ్లు. ఒక మనిషి పట్టీ తిప్పుతాడు, ఇంకొకడు సమ్మెట వేస్తాడు, మధ్యలో మాట ఉండదు. గ్యాస్కెట్టు షీటుని అసలు భాగం మీద పెట్టి, గుండ్రని సుత్తితో అంచుల మీద టక్కుటక్కుమని కొట్టి కత్తిరించేవాళ్లు. ఆ టక్కుటక్కు ఇప్పుడు ఆటోనగర్‌లో నాకు ఎక్కడా వినపడలేదు. అన్నీ ప్యాకెట్లలో వస్తున్నాయి. క్యాబిను కింది రేకు కోసి కొత్తది అతికినవాడు కార్బైడు డబ్బాలో నీళ్లు పోసి గ్యాసు పుట్టించేవాడు. ఆ వెల్లుల్లి లాంటి ఘాటు వాసన నాకు మామిడి రోజుల్ని గుర్తుచేసేది, ఎందుకంటే అదే కార్బైడు పొట్లాలు పెట్టి కాయల్ని మగ్గించేవాళ్లు. కాయల్ని అలా మగ్గించడం నిషేధం. చివరికి పెయింటరు వచ్చి, బద్ద లేకుండా, గీత లేకుండా, ఒట్టి చేత్తో "ఏపీ 16" అని నంబరు రాశాడు. ఆ 16 కృష్ణా జిల్లా గుర్తు. తర్వాత 2019లో రాష్ట్రమంతటికీ కలిపి 39 వచ్చింది.

ఇంత పని జరిగినా, ఆ రోజుల్లో మావయ్య జేబులోంచి డబ్బు తీయడం నేను దాదాపు చూడలేదు. పెద్ద మేస్త్రి సిగరెట్టు పెట్టె అట్టమీద రెండు ముక్కలు రాసిస్తే, అది పట్టుకెళ్లి నేను బేరింగులు తెచ్చేవాణ్ణి. కొట్టాయన అట్టని మేకుకి గుచ్చేవాడు. లెక్కలన్నీ బండి స్టార్టయ్యాకే. స్టార్టు కాకపోతే అని అడగడం ఆ వీధిలో ఎవరికీ తోచినట్టు లేదు.

*

ఇంజను ఎక్కించిన మర్నాడు ముందు గాలి తీయాలి. డీజిలు పైపుల్లో గాలి ఉంటే ఎంత తిప్పినా ఇంజను అందుకోదు. పంపుకున్న చేతి ప్లంజరు కొడుతూ స్క్రూ వదులు చేస్తే ముందు నురగ, తర్వాత బుడగలు, చివరికి తెగని ధార. నాజిళ్ల దగ్గర యూనియన్లు కూడా వదులు చేసి, సెల్ఫు కొట్టి, ఒక్కొక్కటీ బిగించుకుంటూ వచ్చారు. అప్పటికే పంపు భాయ్ వచ్చి నిలబడ్డాడు. లేతు బాబాయి వచ్చాడు. రేడియేటరు భాయ్ బీడీ ఆర్పి వచ్చాడు. ఎవరూ పిలవలేదు. తమ భాగం ఎలా పలుకుతుందో వినడానికి వచ్చారు.

టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. మేస్త్రి "హీటరివ్వండి బాబుగారూ" అన్నాడు. మావయ్య కుడిచేత్తో తాళంచెవి తిప్పి పట్టుకున్నాడు. గ్లో ప్లగ్గులు వేడెక్కేదాకా షెడ్డులో ఎవరూ మాట్లాడలేదు. సెల్ఫు తిరిగింది. ఒక సిలిండరు అందుకుంది, దగ్గింది, రెండోది అందుకుంది, బండంతా వణికింది, తెల్లపొగ రేకుల దాకా లేచింది. అప్పుడు నాలుగూ కలిశాయి. మేస్త్రి పొడుగు స్క్రూడ్రైవరు కొసని బ్లాకుకి ఆనించి, పిడిని చెవికి ఆనించి, ముందు నుంచి వెనక దాకా ఒక్కోచోటా ఆగి విన్నాడు. "ట్యాపెట్టు ఒకటి పలుకుతోంది. అదొక్కటే" అన్నాడు. లేతు బాబాయి ఏమీ అనకుండా తన షాపుకి వెళ్లిపోయాడు. తన క్రాంకు మీద మాట రాలేదు కాబట్టి ఆయనకి అక్కడ పని లేదు.

మొదటి వెయ్యి కిలోమీటర్లు బరువెయ్యకూడదు, తొక్కకూడదు. ఇంద్రకీలాద్రి దగ్గర పూజ చేయించుకుని, సైకిళ్లు కూడా దాటిపోతుంటే నవ్వుకుంటూ, మావయ్యా నేనూ ఇంటికొచ్చాం. ఆ రాత్రి అత్తయ్య హారతి పళ్లెం తెచ్చి ముందు బండికే దిష్టి తీసింది.

*

ఆ వీధిని తలుచుకుంటే నా మనసు నిండుతుంది. కానీ అక్కడ చూసినవన్నీ తిరిగి రావాలని నేను కోరను. పెద్ద మేస్త్రి దగ్గరున్న ఇద్దరు కుర్రాళ్లలో చిన్నవాడికి మీసం కూడా రాలేదు. బడిలో ఉండాల్సిన వయసు. పానా తప్పు తెస్తే మొట్టికాయ పడేది. ఆ చేతుల్లో పని ఎంత అందంగా ఉన్నా, ఆ పిల్లాడికి వేరే దారి ఉందా అని ఎవరూ అడగలేదు. బాల కార్మిక చట్టం 1986లోనే వచ్చినా ఆ షెడ్లలోకి రావడానికి ఏళ్లు పట్టింది. బ్రేకు షూల దుమ్ముని నోటితో ఊదేవాళ్లు. అందులో ఆస్‌బెస్టాస్ ఉండేదని, అది ఊపిరితిత్తుల్లో కూర్చుంటుందని వాళ్లకి చెప్పినవాళ్లు లేరు. ట్యాంకులోంచి డీజిలు తీయాలంటే గొట్టం నోట్లో పెట్టి పీల్చడమే. వాడిన నూనె మురిక్కాలవలోకి పోయేది. రేడియేటరు భాయ్ దగ్గు నాకు బాగా గుర్తుంది. లేచిన మెటడోర్ కూడా ఎత్తు మీద నల్లపొగ వదిలేది. వెనక సైకిలు తొక్కేవాడు పైగుడ్డ ముక్కుకి అడ్డం పెట్టుకునేవాడు.

మార్పు తెచ్చింది చట్టాలకంటే ముందు ఒక చిన్న బండి. 2005లో టాటా ఏస్ వచ్చింది. ఆ ఏడాదే బజాజ్ టెంపో పేరు ఫోర్స్ మోటార్స్‌గా మారింది. ఏస్‌కి అప్పు తేలిగ్గా దొరికింది. మావయ్య లాంటి యజమాని కింద జీతానికి తోలే కుర్రాడు తనే యజమాని అయ్యాడు. ఇది చిన్న లాభం కాదు. మా ఊళ్లోనే అలా నిలదొక్కుకున్న కుటుంబాలున్నాయి. అప్పు వాయిదాలు తీరేదాకా తోలడం, తీరాక అమ్మి కొత్తది తీసుకోవడం అలవాటైంది. ఆగిన బండిని వానాకాలాలు దాటించి ఉంచుకునే ఓపిక ఎవరికీ అవసరం లేకపోయింది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 ఇంజన్లు వచ్చాయి. పొగ బాగా తగ్గింది, అది మన పిల్లల ఊపిరికి మేలు. ఆ ఇంజనులో నాజిలు ఎప్పుడు ఎంత చిమ్మాలో లోపలున్న కంప్యూటరు చెబుతుంది. దాని జబ్బు చెవికి తెలియదు, స్కానరుకి తెలుస్తుంది.

ఈ రెండు కాలాల తేడా నాకు కళ్లకి కట్టింది 2024 సెప్టెంబరు మొదట్లో, బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు నీట మునిగినప్పుడు. నీళ్లు తీసిన తర్వాత వీధుల్లో బురద గట్టిన బండ్లు వరసలు వరసలుగా కనపడ్డాయి. నీళ్లు తాగిన ఇంజనుకి పాత వైద్యం పెద్ద మేస్త్రి చెప్పగా విన్నాను. 1977 నవంబరు ఉప్పెన తర్వాత దివిసీమలో ఉప్పునీరు తాగిన ట్రాక్టర్లని ముందు మంచినీళ్లతో కడిగి, నాజిళ్లు విప్పి నీళ్లు చిమ్మించి, నూనె మార్చి మార్చి లేపారట. ఆలస్యం ఒక్కటే శత్రువు, తుప్పు పట్టేలోపు చెయ్యి పెట్టాలి అనేవాడు. ఇప్పటి బండిలో నీరు ముందుగా చేరేది వైర్ల ముడుల్లోకీ, కంట్రోలు పెట్టెల్లోకీ. ఇంజను బాగానే ఉన్నా, ఆ పెట్టెల ధర చూసి బండినే వదిలేసుకోవాల్సి వస్తుంది. బీమా ఉన్నవాళ్లకి డబ్బొచ్చింది. బీమా వయసు దాటిపోయిన ఆటో మీద బతికే మనిషి ఆ బురదలో తన బండి పక్కన నిలబడి ఉండడం నేను చూశాను. ఆ మనిషిని తీసుకెళ్లి నిలబెట్టడానికి అలాంటి వీధి ఒకటి ఉండాల్సింది అనిపించి గుండె బరువెక్కింది.

*

మావయ్య మెటడోర్ లేచిన తర్వాత చాలా ఏళ్లే తిరిగింది. ఆయన పోయాక, బాడీ అరిగిపోయాక, ఇంజను ఒక్కదాన్ని కైకలూరు వైపు చేపలచెరువు రైతు ఒకాయన నీళ్లు తోడడానికి కొనుక్కెళ్లాడు. అమ్మడానికి అత్తయ్య ఈసారి ఒప్పుకుంది, పనికే వెళ్తోంది కాబట్టి.

పెద్ద మేస్త్రి ఇప్పుడు పని మానేశాడు. ఆయన కొడుకు అదే షెడ్డులో ల్యాప్‌టాపు పెట్టుకుని స్కానింగు చేస్తాడు. మంచి పనివాడు, తండ్రికంటే చదువుకున్నవాడు. మొన్న వెళ్లినప్పుడు ముసలాయన గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చూపు తగ్గింది కానీ, రోడ్డు మీద పోతున్న ట్రాక్స్ బండి చప్పుడు విని "నాలుగోది సరిగా కొట్టట్లేదు" అన్నాడు. మాటల్లో అడిగాను: ఇప్పుడు అలాంటి మెటడోర్ ఒకటి తెస్తే లేపగలరా?

ఆయన నవ్వలేదు. లెక్క మొదలుపెట్టాడు. లైనర్లూ పిస్టన్లూ దొరుకుతాయి, ట్రాక్సుకీ అదే ఇంజను కదా. పంపు భాయ్ లేడు, కానీ వాళ్లబ్బాయి దగ్గర బెంచి ఉంది. ముందు చక్రాల జాయింట్లు దొరకవు, లేతు మీద చేయించాలి. రబ్బర్లు కష్టం. రేడియేటరు రాగిదైతే చేసేవాడు ఒకడున్నాడు, అల్యూమినియందైతే మార్చాల్సిందే. రేకు పనికి ఇబ్బంది లేదు.

కాసేపు ఆగి, షెడ్డు లోపలికి చూశాడు.

"కుర్రాళ్లు ఇద్దరు కావాలయ్యా. చదువు అయిపోయినవాళ్లే రమ్మను, జీతం ఇచ్చే పెట్టుకుందాం. వాల్వులు తిప్పేటప్పుడు నేను పక్కన కూర్చుని వింటా. చాలినప్పుడు చెబుతా."